గిడుగు మాస్టారికి సవర నేర్పిందెవరు?

ఏటా ఆగస్టు 29న మన బడుల్లో తెలుగు భాషా దినోత్సవం జరుపుతారు. గిడుగు వెంకట రామమూర్తి పటానికి దండ వేసి, వాడుక భాష కోసం ఆయన చేసిన పోరాటం గురించి చెబుతారు. ఆయన సవరల దగ్గర శిష్యరికం చేసిన సంగతి మాత్రం చాలాచోట్ల ఎవరూ ఎత్తరు. ఆదివాసీ పిల్లలకు చదువు చెప్పే పంతుళ్లు ముందుగా తెలుసుకోవలసింది అదే.

రామమూర్తి 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా చేరారు. ఆ చుట్టుపక్కల కొండల్లో సవరలు ఉండేవారు. తెలుగు వచ్చిన ఒక సవరను ఇంట్లో ఉంచుకుని ఆయన వాళ్ల భాష నేర్చుకున్నారు. బడిలో మాస్టారు ఇంటికొచ్చి విద్యార్థి అయ్యారు. మాట ఎలా పలకాలో, ఎక్కడ తప్పు పోయిందో చెప్పవలసింది ఆ సవర మనిషే. తరువాత రామమూర్తి సవరలో వాచకాలు రాశారు, సొంత డబ్బుతో బడులు పెట్టారు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు అచ్చయ్యాయి. వాటి మీద పేరు గిడుగు వారిది, లోపలి మాటలు మనవాళ్లవి. ఆ మొదటి గురువు పేరు మనలో ఎంతమందికి తెలుసు?

సవరలు మాటలు చెప్పి ఊరుకోలేదు. 1936లో మంగేయ్ గొమాంగో తమ భాషకు లిపినే తయారుచేశారు.

గోండుల నేల మీద కూడా ఇలాంటి ప్రయత్నం జరిగింది. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం అమరుడయ్యాక, గోండుల స్థితిగతులు తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం హైమెన్‌డార్ఫ్‌ను నియమించింది. 1943లో మార్లవాయిలో గోండు యువకులనే పంతుళ్లుగా తయారుచేసే శిక్షణ కేంద్రం మొదలైంది. పిల్లలకు మొదటి చదువు గోండిలోనే చెప్పారు. ఆ తరువాత చాలా ఏళ్లకు, 2004లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక విద్య మొదలైంది.

పుస్తకం మన భాషలో వచ్చినంత మాత్రాన తరగతి గది మనదైపోదు. మైదానం నుంచి వచ్చిన పంతులుకు మన మాట రాదు, పిల్లవాడికి తెలుగు రాదు. ఇద్దరికీ రానిది ఒక్కొక్కటి ఉన్నా, మొద్దు అన్న పేరు పిల్లవాడికే వస్తుంది. ఆ పేరు మోయలేక బడి మానేసినవాళ్లు మన ఊళ్లలోనే ఉన్నారు.

పంతులుగారూ, రేపు ఒక చెట్టు కొమ్మ చూపించి, దీన్ని మీ ఇంట్లో ఏమంటారని అడగండి. పిల్లలు చెప్పినట్టే పలకండి. తప్పయితే వాళ్లను దిద్దనివ్వండి. తరువాత లెక్కలు మీరు చెప్పండి, వాళ్లు వింటారు. గిడుగు మాస్టారికి తగ్గని గౌరవం మీకూ తగ్గదు.