తాళంచెవి ఎవరి దగ్గరుంది?

దివిసీమ ఉప్పెన మాటెత్తితే చావుల లెక్కే ముందొస్తుంది. 1977 నవంబర్ 19న అయిదారు మీటర్ల ఎత్తున సముద్రం ఊళ్ల మీద పడింది. పోయినవాళ్లు 10 వేల పైనే. నన్ను పట్టుకుని వదలని ప్రశ్న వేరే: ఆ రాత్రి పాలకాయతిప్ప, సొర్లగొంది లాంటి ఊళ్లలో జనం ఎక్కడానికి ఏముంది? కొందరు చెట్లను కరచుకుని బతికారు. పూరిళ్ల ఊళ్లో మేడ అన్నదే అరుదు.

ఆ తర్వాతే మన తీరంలో తుఫాను షెల్టర్లు పెద్ద సంఖ్యలో లేచాయి. ఉప్పెన నీళ్లు అడ్డులేకుండా పోయేలా కింద ఉత్త స్తంభాలు, పైన గది, గట్టి శ్లాబు, వెడల్పాటి మెట్లు. తెలివైన కట్టడమే. కానీ తుఫాను ఏళ్లకోసారి వస్తుంది, ఉప్పుగాలి రోజూ వీస్తుంది. తాళం వేసి ఉంచిన భవనానికి చెమ్మ పడుతుంది, లోపలి ఇనుము తుప్పెక్కి ఉబ్బుతుంది, శ్లాబు పెచ్చులూడుతుంది. చాలా పాత షెల్టర్ల గతి అదే అయింది. అవసరం పడ్డ రోజున అందులోకి వెళ్లాలంటేనే భయం!

1970 నాటి భోలా తుఫానులో లక్షల మందిని పోగొట్టుకున్న బంగ్లాదేశ్ చాలాచోట్ల బడినే షెల్టర్‌గా కట్టింది. 2011లో ప్రపంచ బ్యాంకు అప్పుతో ఆంధ్ర, ఒడిశాల్లో మొదలైన ప్రాజెక్టు కూడా మామూలు రోజుల్లో పనికొచ్చే షెల్టర్లనే కోరుకుంది. నాకిది ఇంజనీరింగ్ కన్నా ఇంగితంలా కనిపిస్తుంది. బడి అయితే రోజూ ఎవరో ఊడుస్తారు, కారుతున్న చోటు చూస్తారు. తాళంచెవి ఎవరి దగ్గరుందో ఊళ్లో పిల్లలకి కూడా తెలుస్తుంది.

అయితే ఈ చరిత్రలో బడి ఎప్పుడూ జనాన్ని కాపాడేదే. దాన్నెవరు కాపాడాలి? తుఫాను పోయినా పునరావాస కేంద్రం ఖాళీ అయ్యేదాకా పాఠాలుండవు. వందలమంది వాడిన మరుగుదొడ్లు, విరిగిన బెంచీలు మిగులుతాయి. అడ్మిషన్ రిజిస్టరు తడిస్తే, వేరే కాగితం లేని పిల్లాడి పుట్టినతేదీ దాంతోపాటే పోతుంది. చావుల లెక్క రాసుకున్నాం, ఈ లెక్క ఎవరూ రాసుకోలేదు.

ఇంకో చిక్కు ఉంది. పిల్లలు పెరిగి గదులు చాలకపోతే హెడ్మాస్టరు చూపు ముందు ఆ స్తంభాల మధ్య ఖాళీ మీదే పడుతుంది. నాలుగు గోడలు లేపితే రెండు క్లాసులు సర్దుకుంటాయి, నీళ్లు పోయే దారి మూసుకుంటుంది. పిల్లల్ని ఎండలో కూర్చోబెట్టిన ఆయనకి వద్దని చెప్పడం కష్టమే.