బస్సుకు సకారం కింద ఒత్తు ఎందుకు?



మన కోలారు జిల్లా ఇళ్లలో పెద్దవాళ్లు 'బస్సు' అంటారు. కాన్వెంటుకు వెళ్లే మనవడు "బస్సు కాదవ్వా, బస్" అని దిద్దుతాడు. ఇంగ్లీషు లెక్కన వాడిది సరే. అయితే అవ్వ మాటకూ ఒక లెక్క ఉంది.

1880లో జాన్ టేలర్ కంపెనీ బంగారు గనుల పని చేపట్టింది. 1902లో శివసముద్రం నుంచి అక్కడికి కరెంటు వచ్చింది. చిత్తూరు, ఉత్తర ఆర్కాటు ప్రాంతాల నుంచి వచ్చిన కూలీలు షాఫ్టు, లిఫ్టు, షిఫ్టు, డ్రిల్లు వంటి మాటలను పుస్తకం చూసి నేర్వలేదు. దొర నోట, మేస్త్రీ నోట విని పలికారు.

ఎలా పలికారో గమనించండి. తెలుగు మాట అచ్చుతో ముగియాలి కనుక చివర ఉకారం చేరింది. చ, జ ధ్వనుల తర్వాత మాత్రం సాధారణంగా ఇకారం వస్తుంది: బెంచి, జడ్జి, బ్రిడ్జి. ఇక కారు, గేటు, లైటు మాటల్లో ఒత్తు లేదు. బస్సు, పెన్ను, మిల్లు మాటల్లో ఉంది. ఎందుకని? 'బసు' అంటే రెండూ లఘువులే, అసలు మాటలోని బరువు పోతుంది. ఒత్తు పెడితే మొదటి అక్షరం గురువవుతుంది. 'కారు'లో ఆ పని దీర్ఘమే చేసింది, 'షిఫ్టు'లో జంట హల్లులు చేశాయి. ఛందస్సు పేరైనా వినని మనిషి గురువును జారనివ్వలేదు, చూశారా! పక్కింటి కన్నడంలోనూ, తమిళుల వాడుకలోనూ దాదాపు ఇదే పద్ధతి.

ఇది మన ఒక్కరి సంగతే అనుకోకండి. ఇంగ్లీషువారి 'రైడింగ్ కోట్' పద్ధెనిమిదో శతాబ్దంలో ఫ్రెంచివారి నోట 'రెదెంగోత్' అయింది. వాళ్ల అలవాటు ప్రకారం ఊనిక చివరి అక్షరానికి పోయింది. దాన్ని తప్పని ఎవరూ దిద్దలేదు, అదే నిఘంటువుకెక్కింది.

మన దగ్గరా అలా స్థిరపడ్డ పేరుంది. మైసూరు కమిషనరు బౌరింగ్ దొర పేరిట వెలసిన బౌరింగ్‌పేట నేడు బంగారపేట. గనులు పక్కనే ఉండగా జనం చెవికి 'బౌరింగ్' కన్నా 'బంగారం' దగ్గర కావడంలో వింతేముంది? రాబర్ట్‌సన్‌పేటకు, ఆండర్సన్‌పేటకు అటువంటి తోడుమాట దొరకలేదు పాపం, దొరల పేర్లతోనే మిగిలాయి.

2001లో గనులు మూతపడ్డాయి. షాఫ్టునూ డ్రిల్లునూ రోజూ పలికించిన పని పోయింది. గనిలో దిగిన పెద్దలు మీ ఇంట ఉంటే వారి మాటలు అడిగి రాసుకోండి. వాళ్లు ఎలా పలికితే అలాగే రాయండి, దిద్దకండి.