దుప్పి వేట – తూటా ఎంపిక: ఉత్తర తెలంగాణ మందుగుండు చరిత్రలో ఒక పరిశీలన

కీలక పదాలు: భర్మారు తుపాకి, తూటా, దుప్పి, కణుజు, కరీంనగర్, ఆదిలాబాదు, ఆయుధాల చట్టం

1. ఉపోద్ఘాతం

వేట చరిత్రను వేటగాళ్ల సాహసాల ద్వారానో, చంపిన మృగాల లెక్కల ద్వారానో చెప్పడం పరిపాటి. తుపాకిలో ఏ మందు, ఎంత మందు, ఎటువంటి గుండు పెట్టాలన్నది అందులో చిన్న సాంకేతిక విషయంగా మిగిలిపోయింది. కరీంనగర్, ఆదిలాబాదు అడవులను దృష్టిలో ఉంచుకొని చూస్తే, ఈ ఎంపిక జంతువును బట్టి మాత్రమే జరిగింది కాదని తెలుస్తుంది. ఎవరి చేతిలో ఏ తుపాకి ఉండవచ్చునో నిర్ణయించిన అధికారమే, దానిలో పడే గుండునూ చాలావరకు నిర్ణయించింది.

2. అడవి, మృగం, దూరం

1905లో ఎలగందుల జిల్లా కరీంనగర్ జిల్లాగా మారింది. సిర్పూర్-తాండూరు ప్రాంతం ఆదిలాబాదు జిల్లాగా ఏర్పడింది. గోదావరి, ప్రాణహిత, కడెం నదుల మధ్య విస్తరించిన ఈ టేకు అడవుల్లో దుప్పి, కణుజు ప్రధానమైన జింక జాతులు. దుప్పి పోతు బరువు సాధారణంగా 70 నుంచి 90 కిలోలు. కణుజు పోతు 200 కిలోలు దాటుతుంది. దుప్పికి సరిపోయిన గుండు కణుజు భుజం ఎముక దగ్గరే ఆగిపోవచ్చు. కణుజుకు తగిన గుండు దుప్పి మాంసాన్ని పాడుచేయవచ్చు. వానాకాలంలో పొదలు దట్టమై చూపు కొద్ది గజాలకు మించదు. వేసవిలో ఆకు రాలినప్పుడు నీటిమడుగు పక్కన మంచె మీద కాచుకోవడం వీలవుతుంది. అందువల్ల ఇక్కడి వేటలో దూరానికి కొట్టే శక్తి కన్నా, దగ్గరలో ఒక్క దెబ్బకే మృగాన్ని పడగొట్టే గుణం ముఖ్యమైంది.

3. భర్మారు: చేతి కొలత

గ్రామీణుల ఆయుధం గొట్టం మూతి నుంచి నింపే భర్మారు తుపాకి. సూరేకారం, గంధకం, బొగ్గు కలిసిన నల్లమందును కొలిచి పోసి, పీచు ఉండతో బిగించి, సీసపు గుండునో గుళ్లనో వేసి, గజంతో దట్టించేవారు. పాతరకం తుపాకులకు రంజకం, తరువాతి వాటికి టోపీ నిప్పు అందించేవి. ప్రతి దెబ్బకూ మందు, గుండు పాళ్లను వేటగాడే నిర్ణయించుకొనేవాడు. పిట్టకు సన్నగుళ్లు, దుప్పికి పెద్దగుళ్లు, అడవిపందికి ఒంటిగుండు వేసుకొనేవాడు. మందు తగ్గితే మృగం గాయంతో తప్పించుకొనేది. అతిగా పోస్తే గొట్టమే పగిలేది. నల్లమందు తేమను పీల్చుకొంటుంది గనుక వానాకాలపు దెబ్బ నమ్మదగింది కాదు. రెండో దెబ్బకు వ్యవధి ఉండదు. ఈ పరిమితులే వేటగాణ్ణి మృగానికి అతి దగ్గరగా తీసుకుపోయాయి.

4. ఫ్యాక్టరీ తూటా

దొరలు, అధికారులు, సంస్థానపు అతిథులు వాడినవి వేరు. 1856లో లండన్ తుపాకుల తయారీదారు పర్డీ ‘ఎక్స్‌ప్రెస్ ట్రైన్’ పేరుతో ఒక రైఫిల్ నమూనాను తెచ్చాడు. తేలికైన గుండు, ఎక్కువ మందు, ఎక్కువ వేగం దాని సూత్రం. ముందుభాగం బోలుగా ఉండే ఎక్స్‌ప్రెస్ గుండు దుప్పి వంటి మృగానికి బాగా పనిచేసేది. కణుజు భుజానికి తగిలితే లోపలికి పోకముందే చిట్లిపోయే ప్రమాదం ఉండేది. 19వ శతాబ్ది చివర పొగరాని మందు వచ్చిన తరువాత వేగం పెరిగింది. సీసానికి లోహపు తొడుగు అవసరమైంది. పూర్తి తొడుగు ఉన్న గుండు జింక శరీరంలోంచి దూసుకుపోయి, చాలాసార్లు గాయాన్నే మిగిల్చేది. కొన వద్ద సీసాన్ని బయటికి వదిలిన మెత్తకొన గుండు శరీరంలో విచ్చుకొని శక్తినంతా అక్కడే ఖర్చు చేసేది. కలకత్తా సమీపంలోని డమ్‌డమ్ ఆయుధాగారంలో తయారైన ఇటువంటి గుండును 1899 హేగ్ ప్రకటన యుద్ధంలో నిషేధించింది. వేటలో మాత్రం అదే మేలైనదిగా నిలిచింది. మృగం త్వరగా ప్రాణం విడవడం అక్కడ దయగా లెక్కకు వచ్చింది.

సైనిక తూటాలు ప్రజల చేతికి చిక్కకూడదన్న భయంతో 1907లో బ్రిటిష్ ప్రభుత్వం .450 కొలత రైఫిళ్ల దిగుమతిని భారతదేశంలో ఆపివేసింది. ఫలితంగా .470 వంటి కొత్త కొలతలు పుట్టాయి. అంటే ఒక తూటా వ్యాసాన్ని నిర్ణయించింది మృగం కాదు, పాలకుల అనుమానం. స్వాతంత్ర్యానంతరం ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ పౌరుల కోసం తయారుచేసిన .315 రైఫిల్ వెనుక కూడా ఇదే తర్కం ఉంది. దాని తూటా పాత ఆస్ట్రియా మాన్లికర్ తూటాకు వారసురాలు. గుండు బరువు సుమారు 16 గ్రాములు.

5. చట్టం చేసిన వర్గీకరణ

1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్ ఈ అంతరాన్ని అక్షరబద్ధం చేసింది. ఆత్మరక్షణకు, క్రీడకు 20 అంగుళాలకు తగ్గని గొట్టం గల నున్నని గొట్టపు తుపాకికి. నిజమైన పంట రక్షణకు మూతి నుంచి నింపే తుపాకికి లైసెన్సు ఇవ్వాలన్నది. పంట కాపాడుకోవడానికి అది చాలదని అధికారి భావిస్తేనే రైతుకు మరో నున్నని గొట్టపు తుపాకి దొరుకుతుంది. రైఫిలుకైతే తగిన కారణం చూపి అధికారిని ఒప్పించాలి. చేనును మేసే కణుజును ఎదుర్కొనే రైతుకు, బలహీనమైన భర్మారే మొదటి అర్హత అయింది.

6. ముగింపు

మెరుగైన తూటా సామాన్యుడికి చేరువయ్యే నాటికి మృగమే తరిగిపోయింది. 1965లో జన్నారం ప్రాంతంలో కవ్వాల్ అభయారణ్యం ఏర్పడింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదట కొన్ని జాతుల వేటను లైసెన్సుతో అనుమతించినా, 1991 సవరణ ఆ పద్ధతిని తొలగించింది. 2012లో కవ్వాల్ పులుల అభయారణ్యమైంది. పులికి ఆహారమైన దుప్పి, కణుజుల రక్షణ మరింత అవసరమైంది. ఆ రక్షణ సమంజసమే. అయితే వేటను ఏలినవారి వినోదంగాను, పంట కాపలాను పేదవాని భర్మారుగాను విడదీసిన పాత చరిత్ర దానితో ముగియలేదు. అడవి అంచు చేలలో మృగానికీ రైతుకూ మధ్య తగాదా నేటికీ ఉంది. గుండును ఎంచుకొనే హక్కు ఎవరిదన్న పాత ప్రశ్న, ఇప్పుడు నష్టాన్ని ఎవరు భరించాలన్న ప్రశ్నగా మారింది.