రాయలసీమ కోటలు – గుర్రాల కొరత: అశ్వప్రజనన దృష్టితో ఒక పరిశీలన

విజయనగర కాలంలో గండికోట, ఆదోని వంటి దుర్గాల బలం చాలావరకు ఆశ్వికదళంపై ఆధారపడింది. ఆ గుర్రాలలో మేలైనవి మాత్రం ఈ నేలపై పుట్టినవి కావు. 1535 ప్రాంతంలో విజయనగరంలో ఉన్న పోర్చుగీసు అశ్వవర్తకుడు న్యూనిజ్, రాజు ఏటా హొర్ముజు గుర్రాలను, నాటు గుర్రాలను కలిపి 13,000 కొనేవాడని రాశాడు. సముద్రంలో చచ్చిన గుర్రానికి సైతం, తోక తెచ్చి చూపితే సాళువ నరసింహుడు వెల చెల్లించాడని కూడా అతడే చెప్పాడు. వర్తకుడి అంకెలలో అతిశయం ఉండవచ్చు. కొరత మాత్రం నిజం.

ఇంత ధనం వెచ్చించిన రాజ్యం గుర్రాలను ఇక్కడే ఎందుకు పుట్టించుకోలేదు? వాతావరణమే కారణమన్నది తరచుగా వినబడే సమాధానం. 13వ శతాబ్ది చివర తమిళతీరాన్ని వర్ణించిన మార్కోపోలో, మేలుజాతి మగగుర్రాన్ని మేలుజాతి గోడిగకు దాటించినా వంకరకాళ్ల పిల్లే పుడుతుందన్నాడు. అక్కడ అశ్వవైద్యులు లేక గుర్రాలు చస్తున్నాయని కూడా అతడే అన్నాడు. ఈ రెండవ మాటకే ఎక్కువ విలువనివ్వాలి.

వృషణాలు శరీరం కంటే కొన్ని డిగ్రీలు చల్లగా ఉంటేనే వీర్యం సక్రమంగా తయారవుతుంది. తీవ్రమైన ఎండ గాని, జ్వరం గాని ఆ పనిని చెడగొడుతుంది. మగగుర్రంలో వీర్యకణం రూపొందడానికి సుమారు 57 రోజులు పడుతుంది గనుక, ఆ దెబ్బ కొన్ని వారాల తర్వాత బయటపడుతుంది. సాధారణంగా రెండు మూడు నెలలలో సర్దుకుంటుంది. అంటే కడప ఎండ సంతానశక్తిని తగ్గించగలదే గాని తుడిచిపెట్టలేదు. కాఠియావాడీ, మార్వాడీ జాతులు పెరిగినవి ఎండ మండే మెట్టనేలల్లోనే. దక్కనులోనే భీమానదీ తీరం మరాఠా గుర్రాలకు పుట్టినిల్లు.

కాబట్టి కారణాలను మేతలోనూ, వ్యవసాయంలోనూ వెదకాలి. గోడిగ చూలు పదకొండు నెలలు. పుట్టిన పిల్ల యుద్ధానికి పనికిరావడానికి మరో మూడు నాలుగేళ్లు పడుతుంది. కరవు తరచుగా వచ్చే సీమలో అన్నాళ్లు దానిని మేపడం రైతుకు గిట్టుబాటు కాదు; ఉన్న చొప్ప నాగలి లాగే ఎద్దుకే చెల్లు. 1880లో గ్రిఫిత్ ఎవాన్స్ సూక్ష్మదర్శినిలో గుర్తించిన సర్రా రోగక్రిమి వంటివి ఆనాటి మందలను ఎంత తిన్నాయో ఊహించవలసిందే.

తెలుగులో అశ్వశాస్త్రం లేదని కాదు. మనుమంచిభట్టు ‘హయలక్షణవిలాసము’ ఉంది. అయితే ఈ సంప్రదాయంలో సుడులు, వన్నెలు, నడకలు చూసి గుర్రాన్ని ఎంచడానికి పెద్దపీట. ఒకరకంగా అది కొనుగోలుదారు శాస్త్రం.

నేడు అశ్వవీర్య పరీక్ష, ఘనీభవనం, పిండమార్పిడి జరుగుతున్నది బికనేరులోని జాతీయ అశ్వపరిశోధన కేంద్ర ప్రాంగణంలో. 2023లో అక్కడ పిండమార్పిడితో మార్వాడీ పిల్ల పుట్టింది. గండికోటకు దగ్గరలోని ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల, నంద్యాలలో ఘనీకృత వీర్యకేంద్రం ఉన్నాయి. నంద్యాల కేంద్రంలో పోషించేవి ఆబోతులను, దున్నలను.