‘పిల్లల గొడవే’ అని కొట్టిపారేస్తే: సర్కారు బడుల్లో కుల వేధింపులు, సైబర్ వేధింపులపై ఏ చట్టం ఏం చెబుతుంది?

కులం పేరు పెట్టి పిలుస్తారు. మధ్యాహ్న భోజనం దగ్గర పక్కకు జరిగి కూర్చుంటారు. మరుగుదొడ్లు కడిగే వంతు ఎప్పుడూ వాడ పిల్లలకే వస్తుంది. తరగతి వాట్సాప్ గ్రూపులో ఒకరి ఫొటో మార్చి పెట్టి అందరూ నవ్వుకుంటారు. ఇలాంటివి బయటపడినప్పుడు తరచుగా వినిపించే మాట ‘పిల్లల గొడవే, సర్దుకుపోతారు’. ఆ మాటతో కులం మాయమవుతుంది. పెద్దల బాధ్యత కూడా మాయమవుతుంది.

2016 అక్టోబరు 11న ఉమ్మడి మహబూబ్‌నగర్ నుంచి విడివడిన జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో ఈ సమస్యకు వలస తోడవుతుంది. తల్లిదండ్రులు హైదరాబాద్‌కో ముంబైకో పనికి పోతే పిల్లలు హాస్టళ్లలో, గురుకులాల్లో, నల్లమల ఆశ్రమ పాఠశాలల్లో, లేదా నాయనమ్మ తాతల దగ్గర ఉంటారు. ఫిర్యాదు రాయాల్సిన అమ్మానాన్నలు ఊళ్లో ఉండరు. కాబట్టి ఏ చట్టం ఉంది అన్న ప్రశ్నతో పాటు, ఎవరు ఫిర్యాదు చేయవచ్చు అన్నది కూడా ఇక్కడ ముఖ్యమే.

ప్రత్యేక చట్టం ఉందా?

బడుల్లో వేధింపుల కోసమే చేసిన కేంద్ర చట్టం మన దేశంలో లేదు. ఫిలిప్పీన్స్, జపాన్ 2013లో అలాంటి చట్టాలు చేసుకున్నాయి. మన దగ్గర సీబీఎస్‌ఈ 2015 మార్చిలో ఇచ్చిన సర్క్యులర్ ప్రతి బడిలో వేధింపుల నిరోధక కమిటీ వేయమంది. అది సీబీఎస్‌ఈ బడులకే వర్తిస్తుంది. అంటే నాగర్‌కర్నూల్ జిల్లా వట్టెంలోని నవోదయ విద్యాలయం దాని కిందకు వస్తుంది. రాష్ట్ర సిలబస్ చెప్పే జిల్లా పరిషత్ హైస్కూలు రాదు. యూజీసీ 2009 ర్యాగింగ్ నిబంధనలు ఉన్నత విద్యకే పరిమితం. రోహిత్ వేముల పేరుతో అడుగుతున్న చట్టంపై చర్చ కూడా ఎక్కువగా విశ్వవిద్యాలయాల చుట్టూనే నడుస్తోంది.

అయినా బడి పిల్లలకు రక్షణ ఉంది. అది నాలుగైదు చట్టాల్లో చెదిరి ఉంది. ‘మా పిల్లను వేధిస్తున్నారు’ అని ఒక్క వాక్యంలో రాసిన ఫిర్యాదు సులువుగా పక్కకు పోతుంది. ఎవరు, ఏ రోజు, ఎక్కడ, ఏం చేశారో విడదీసి రాస్తే ఒక్కో పనికి ఒక్కో చట్టం, దానికి జవాబు చెప్పాల్సిన ఒక మనిషి కనిపిస్తారు.

విద్యాహక్కు చట్టం, 2009

సెక్షన్ 17 శారీరక దండననూ మానసిక వేధింపునూ నిషేధించింది. ఉల్లంఘించినవారిపై సర్వీసు నిబంధనల ప్రకారం చర్య తీసుకోవాలి. బలహీన వర్గాల పిల్లలపై వివక్ష లేకుండా చూడటం సెక్షన్ 8, 9 ప్రకారం ప్రభుత్వం, స్థానిక సంస్థల బాధ్యత. కులాన్ని బట్టి శుభ్రం చేసే పనులు అప్పగించడం, భోజనం దగ్గర తేడా చూపడం వేధింపేనని జాతీయ బాలల హక్కుల కమిషన్ మార్గదర్శకాలు చెబుతున్నాయి.

వలస కుటుంబాలకు పనికొచ్చేది సెక్షన్ 32. పిల్లల హక్కుకు భంగం కలిగితే ‘ఏ వ్యక్తి అయినా’ రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు. మేనమామ, పొరుగువారు, విద్యార్థి సంఘం కార్యకర్త ఎవరైనా సరే. దానిపై మూడు నెలల్లో నిర్ణయం చెప్పాలి. నచ్చకపోతే రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. అయితే ఈ చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకే. తొమ్మిది, పది తరగతుల వారికి కింది చట్టాలు చూడాలి.

ర్యాగింగ్ నిషేధ చట్టం, 1997

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన ఈ చట్టం తెలంగాణలోనూ అమల్లో ఉంది. ఇది కాలేజీలకే అనుకుంటారు. కానీ చట్టంలో ‘విద్యాసంస్థ’ నిర్వచనం విశాలమైనది. చదువు చెప్పే ఏ సంస్థ అయినా, దానితో పాటు హాస్టల్, వసతిగృహం కూడా అందులో ఉన్నాయి. తోటి విద్యార్థికి అవమానం, భయం కలిగించే పని ర్యాగింగే. ఎగతాళి చేసి అవమానిస్తే ఆరు నెలల వరకు జైలు. కొడితే, బెదిరిస్తే శిక్ష ఇంకా పెరుగుతుంది. ఫిర్యాదు అందినా సంస్థ అధిపతి చర్య తీసుకోకపోతే నేరానికి తోడ్పడినట్టే లెక్క. ‘సర్దుకుపోండి’ అనే హెడ్‌మాస్టరుకు, ప్రిన్సిపాల్‌కు ఈ మాట గుర్తుచేయాలి.

బాలల న్యాయ చట్టం, 2015

పిల్లల బాధ్యత చేతిలో ఉన్నవారు కొట్టినా, హింసించినా, కావాలని పట్టించుకోకపోయినా సెక్షన్ 75 ప్రకారం నేరం. మామూలుగా మూడేళ్ల వరకు జైలు. పిల్లల సంరక్షణ అప్పగించిన సంస్థలో పనిచేసేవారైతే ఐదేళ్ల వరకు కఠిన కారాగారం, ఐదు లక్షల వరకు జరిమానా. రాత్రిపూట సీనియర్లు కొడుతున్నారని తెలిసీ తలుపు వేసుకున్న వార్డెన్‌ను ప్రశ్నించడానికి ఈ సెక్షన్ ఆధారం.

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం, 1989

2016 జనవరి 26న అమల్లోకి వచ్చిన సవరణ తర్వాత 3(1)(ఆర్) పదిమంది ఎదుట ఉద్దేశపూర్వకంగా అవమానించడాన్ని, 3(1)(ఎస్) కులం పేరుతో దూషించడాన్ని నేరాలుగా చెబుతున్నాయి. నిందితులు ఎస్సీ, ఎస్టీ కానివారై ఉండాలి. సెక్షన్ 18ఏ ప్రకారం ఎఫ్ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ అక్కర్లేదు. దర్యాప్తు డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి చేయాలి. అరవై రోజుల్లో చార్జిషీటు వేయాలి.

నాలుగు గోడల మధ్య, బయటివారు ఎవరూ లేనప్పుడు అన్న మాట ‘పదిమంది ఎదుట’ కిందకు రాదని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. అందుకే తరగతి గదిలో, ప్రేయర్ దగ్గర, భోజనశాలలో విన్నవారెవరో ఫిర్యాదులో రాయాలి. ఒంటరిగా గదిలోకి పిలిచి తిట్టిన ఘటన అయితే విద్యాహక్కు, బాలల న్యాయ చట్టాలు వాడాలి.

ఫోన్‌లో జరిగితే

ఇంటర్నెట్‌లో చేసిన కుల దూషణకూ అట్రాసిటీ చట్టం వర్తిస్తుందని కేరళ హైకోర్టు 2022లో చెప్పింది. ఐటీ చట్టంలో దొంగ ఖాతాకు 66సీ, 66డీ, ఒంటి ఫొటోలు అనుమతి లేకుండా తీసినా పంపినా 66ఈ, పిల్లల అశ్లీల చిత్రాలకు 67బీ ఉన్నాయి. 66ఏ కింద కేసు పెట్టమని అడగకండి, సుప్రీంకోర్టు 2015 మార్చి 24న దాన్ని కొట్టేసింది. లైంగిక స్వభావం ఉన్న వేధింపు అయితే పోక్సో చట్టం వస్తుంది. దాని సెక్షన్ 19 ప్రకారం విషయం తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి.

స్క్రీన్‌షాట్‌లో నంబరు, తేదీ, సమయం కనిపించాలి. అసలు మెసేజ్ చెరపకూడదు. అశ్లీల ఫొటో సాక్ష్యమని చెప్పి ఇతరులకు ఫార్వర్డ్ చేస్తే అదే నేరమవుతుంది. ఫోన్‌తో సహా పోలీసులకు చూపించాలి.

వేధించినవారూ పిల్లలే అయితే

పద్దెనిమిదేళ్ల లోపు వారిని జైలుకు పంపరు. వారి విషయం బాలల న్యాయ మండలి చూస్తుంది. కనీస శిక్షే ఏడేళ్లు, అంతకు మించి ఉండే తీవ్ర నేరం కాకపోతే, పెద్దలతో కలిసి చేసింది కాకపోతే, నియమాల ప్రకారం పోలీసులు ఎఫ్ఐఆర్‌కు బదులు జనరల్ డైరీలో రాసుకుని సామాజిక నేపథ్య నివేదిక పంపాలి. ఇది న్యాయమైన ఏర్పాటే. ఎనిమిదో తరగతి పిల్లవాడు పలికే కులం మాట అతను ఇంట్లోనో ఊళ్లోనో నేర్చుకున్నదే. పిల్లవాడికి దిద్దుబాటు కావాలి. తెలిసీ ఆపని పెద్దలు మాత్రం జవాబు చెప్పాలి.

2025 తీర్పు

విశాఖపట్నంలో నీట్‌కు చదువుతున్న ఒక విద్యార్థిని మరణం కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న 15 మార్గదర్శకాలు ఇచ్చింది. ప్రభుత్వ బడులు, హాస్టళ్లు సహా అన్ని విద్యాసంస్థలకూ అవి వర్తిస్తాయి. కులం, వర్గం, జెండర్ ఆధారంగా జరిగే వేధింపులపై గోప్యంగా ఫిర్యాదు చేసే మార్గం, వెంటనే చర్య తీసుకునే అంతర్గత కమిటీ ఉండాలి. ఫిర్యాదు చేసినవారిపై కక్ష సాధించకూడదు. వంద మంది, అంతకు పైగా విద్యార్థులుంటే అర్హత గల కౌన్సెలర్ ఉండాలి. పట్టించుకోకపోవడం ప్రాణం మీదికి తెస్తే అది సంస్థ నేరమే. చట్టం వచ్చేదాకా ఇవే చట్టంతో సమానం.

ఫిర్యాదు దారి

మొదట హెడ్‌మాస్టరుకు లేదా ప్రిన్సిపాల్‌కు రాతపూర్వకంగా ఇచ్చి, తేదీతో రసీదు తీసుకోండి. ప్రతులు మండల విద్యాధికారికి, జిల్లా విద్యాధికారికి, హాస్టల్ అయితే సంక్షేమ శాఖ జిల్లా అధికారికి పంపండి. సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో కూడా ఇవ్వవచ్చు. నేరం జరిగితే నేరుగా పోలీస్ స్టేషన్‌కు వెళ్లండి. పిల్లల సహాయానికి 1098, అట్రాసిటీలపై 14566. ఆన్‌లైన్ వేధింపులను జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో నమోదు చేయవచ్చు.

ఒక హెచ్చరిక. న్యాయం కోసమే అయినా బాధిత పిల్లల పేరు, ముఖం, బడి వివరాలు ఫేస్‌బుక్‌లో పెట్టవద్దు. సెక్షన్ 74 దాన్ని నిషేధించింది. ఆ వీడియో ఆ పిల్లకు మరో వేధింపవుతుంది.

ఘటన జరిగేదాకా ఆగనక్కర్లేదు. సమాచార హక్కు దరఖాస్తుతో మీ మండలంలోని ప్రతి బడినీ, హాస్టల్‌నూ మూడు ప్రశ్నలు అడగండి. అంతర్గత కమిటీ ఎప్పుడు వేశారు, సభ్యులు ఎవరు? కౌన్సెలర్ ఉన్నారా? గత ఏడాది ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి, ఏం చేశారు? ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. ‘ఫిర్యాదులు సున్నా’ అని వస్తే వేధింపులు లేవని వెంటనే నమ్మకండి. ఆ బడిలో ఫిర్యాదు చేసే దారి పిల్లలకు తెలుసో లేదో వెళ్లి వాళ్లనే అడగండి.