మధ్యయుగ క్రైస్తవ చట్టంలో స్త్రీ సమ్మతి

12వ శతాబ్దం నాటికి పశ్చిమ యూరప్‌లో పెళ్లి తగాదాలు తీర్చే అధికారం చాలావరకు చర్చి న్యాయస్థానాల చేతికి వచ్చింది. వాటికి ఆధారం బొలోన్యాలో గ్రేషియన్ 1140 ప్రాంతంలో కూర్చిన ‘డెక్రేటుమ్’. పెళ్లికి మూలం వధూవరుల సమ్మతేనన్న సూత్రానికి పోప్ మూడో అలెగ్జాండర్ (1159–1181) తుదిరూపం ఇచ్చాడు. భార్యగా, భర్తగా స్వీకరిస్తున్నామని ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకుంటే చాలు, పెళ్లయినట్టే. చేసుకుంటానని మాటిచ్చి ఆపై కలిసినా పెళ్లే. అమ్మాయికి 12, అబ్బాయికి 14 ఏళ్లు నిండాలి. తండ్రి అనుమతి లేకపోయినా, చర్చి గురువు పక్కన లేకపోయినా ఆ పెళ్లి చెల్లుతుంది. కూతుళ్ల పెళ్లిళ్లతో భూములు కలుపుకునే కుటుంబాలకు ఇది మింగుడుపడలేదు.

ఉదాహరణకు ఇంగ్లండ్‌లోని నార్ఫోక్‌లో పాస్టన్లనే భూస్వామ్య కుటుంబపు ఆడపిల్ల మార్జరీ, తమ ఎస్టేటు వ్యవహారాలు చూసే రిచర్డ్ కాల్‌ను రహస్యంగా పెళ్లాడింది. 1469లో నార్విచ్ బిషప్ ఆమెను పిలిపించి, ముందు వంశ మర్యాద గుర్తుచేసి, తర్వాత అతనితో ఏ మాటలు అన్నావో చెప్పమన్నాడు. ఆమె చెప్పింది. అవి చాలకపోతే ఇక్కడే ఇంకా గట్టిగా చెబుతానంది. తల్లి మార్గరెట్ ఆమెను గడప తొక్కనివ్వలేదు. ఆ తల్లి కొడుక్కి రాసిన ఉత్తరం వల్లే మనకు ఇదంతా తెలుస్తోంది. పెళ్లి మాత్రం నిలిచింది. తన నోటి మాటతో ఒక అమ్మాయి ఇంటిల్లిపాదినీ ఎదిరించి గెలవడం ఆ కాలానికి చాలా పెద్ద విషయం.

అందరూ మార్జరీలా గెలవలేదు. మాటిచ్చినవాడు కాదు పొమ్మంటే ఇద్దరు సాక్షులు కావాలి. చాటుగా జరిగినదానికి సాక్షులెక్కడ? 1215 నాటి నాలుగో లాటరన్ మహాసభ పెళ్లికి ముందు చర్చిలో ప్రకటన చేయాలంది. తెలుగు చర్చిల్లో నేటికీ చదివే వివాహ ప్రకటనలు ఆ ఆచారానికి కొనసాగింపే. అయినా చాటు పెళ్లిని శిక్షించారు గానీ రద్దు చేయలేదు.

పెళ్లయ్యాక సమ్మతి మాటే లేదు. కొరింథీయులకు పౌలు రాసిన మొదటి పత్రిక ఆధారంగా భార్యాభర్తలు ఒకరికొకరు దేహరుణం తీర్చాలని, అంటే ఒకరు కోరితే మరొకరు కాదనకూడదని చర్చి పండితులు అన్నారు. పైకి ఇది ఇద్దరికీ సమానమే. కానీ భర్త బలవంతం చేస్తే అది అత్యాచారంగా లెక్కకు రాలేదు. భర్త నపుంసకుడైతే మాత్రం భార్య పెళ్లి రద్దు కోరవచ్చు.

పేద స్త్రీకి మరో భారం. పెళ్లికాకుండా పురుషుణ్ని కలిస్తే ఇంగ్లండ్‌లో దాస్యంలో ఉన్న రైతుకూలి స్త్రీ భూస్వామికి జరిమానా కట్టాలి. మరోవైపు లండన్‌కు ఎదురుగా సదర్క్‌లో వేశ్యాగృహాలున్న ప్రాంతం సాక్షాత్తూ వించెస్టర్ బిషప్ పాలన కిందే ఉండేది.

చివరికి గురువు, సాక్షులు లేని పెళ్లి చెల్లదని కాథలిక్ చర్చి ట్రెంట్ మహాసభ 1563లో శాసించింది. అప్పటికే రోమ్‌తో తెగతెంపులు చేసుకున్న ఇంగ్లండ్‌లో పాత నియమం 1753 దాకా సాగింది.