సస్పెన్షన్ బుష్

సస్పెన్షన్ బుష్ అనగా మోటారు వాహనంలో చక్రాలను పట్టి ఉంచే ఆర్మ్‌లు, కమాను కట్టలు, రాడ్లు ఛాసిస్‌తో కలిసే కీళ్ళలో అమర్చే రబ్బరు తొడుగు. వీటిలో ఎక్కువగా వాడే రకంలో లోపల ఒక ఉక్కు గొట్టం, వెలుపల మరొక ఉక్కు గొట్టం, ఈ రెంటి నడుమ గట్టిగా అతుకుకొని ఉన్న రబ్బరు ఉంటాయి. దీనిని మెకానిక్కులు సైలెంట్ బ్లాక్ అని కూడా అంటారు. చార్లెస్ గుడ్‌ఇయర్ 1844లో పేటెంటు పొందిన వల్కనైజేషన్ పద్ధతి వలన రబ్బరు ఎండకు జిగటగా మారక, చలికి పెళుసెక్కక నిలబడగలిగింది. అటువంటి రబ్బరు లేనిదే ఈ కీలు సాధ్యం కాదు.

పనిచేయు విధానం

బుష్‌ను తలుపు బందు వంటిదని చాలామంది అనుకుంటారు. కాని బందులో ఇరుసు తిరుగుతుంది, సైలెంట్ బ్లాక్‌లో ఏదీ తిరగదు. బోల్టు బిగించగానే లోపలి గొట్టం ఛాసిస్ బ్రాకెట్టుకు కదలకుండా పట్టుకొంటుంది. వెలుపలి గొట్టం ఆర్మ్ కంటిలో బిగుసుకొని ఉంటుంది. చక్రం పైకి క్రిందికి కదిలినపుడు నడుమనున్న రబ్బరే మెలితిరిగి, మరల యథాస్థితికి వస్తుంది. ఇంటివద్ద బుష్‌లు మార్చుకొనేవారు చేసే పొరపాట్లలో అధిక భాగం ఈ విషయం తెలియకపోవడం వలన జరిగేవే.

హెరాల్డ్, స్పిట్‌ఫైర్

బ్రిటనులో 1962 నుండి 1980 వరకు తయారైన ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. దీని ఛాసిస్, సస్పెన్షన్ 1959లో విడుదలైన ట్రయంఫ్ హెరాల్డ్ నుండి వచ్చినవే. రెండింటి ఆకృతిని రూపొందించినవాడు ఇటలీకి చెందిన జొవాన్నీ మిచెలోట్టి. ఇదే హెరాల్డ్‌ను మద్రాసులోని స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ సంస్థ 1961 నుండి స్టాండర్డ్ హెరాల్డ్ పేరుతో తయారు చేసింది. కావున స్పిట్‌ఫైర్‌ను ఎన్నడూ చూడని తెలుగు మెకానిక్కులలో కూడా దాని ముందు సస్పెన్షన్‌ను విప్పి బిగించినవారు ఒకప్పుడు ఉండేవారు. ముందు ప్రతి చక్రానికి పైన ఒకటి, క్రింద ఒకటి విష్‌బోన్ ఆర్మ్‌లు, వాటి నడుమ షాక్ అబ్జార్బర్ చుట్టూ కాయిల్ స్ప్రింగు ఉంటాయి. వెనుక అడ్డంగా అమర్చిన ఒకే కమాను కట్ట, రేడియస్ రాడ్లు ఉంటాయి. ఈ కీళ్ళలో చాలావాటిలో రబ్బరు బుష్‌లే.

డెల్టా రోడ్లలో అరుగుదల

కృష్ణా డెల్టాలోని నల్లరేగడి నేల వానకు ఉబ్బి, ఎండకు బీటలు వారుతుంది. దానిపై వేసిన రోడ్డు ఎంత బాగా వేసినా కొంతకాలానికి అలలు దేరుతుంది. పామర్రు నుండి కూచిపూడి మీదుగా చల్లపల్లి వైపు పోయేటప్పుడు గుంతలకంటె ఈ అలలు, ఊరూరా ఉన్న స్పీడ్ బ్రేకర్లు బుష్‌లకు ఎక్కువ పని పెడతాయి. వర్షాకాలపు నీటిలో మునిగి లేచే వెలుపలి గొట్టం తుప్పు పట్టి ఆర్మ్ కంటికి అంటుకుపోతుంది. ఇంజను నుండి కారే ఆయిలు సహజ రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తుంది. ఏడాదికి ఒకటి రెండు సార్లు మాత్రమే షెడ్డులోనుండి బయటకు తీసే పాత కారులో కూడా రబ్బరు గాలికే పగుళ్ళు దేరుతుంది. తక్కువ తిరిగింది కాబట్టి బాగుంటుందనుకోవడం సరికాదు.

బ్రేకు వేసినపుడు బండి ఒక ప్రక్కకు లాగడం, స్పీడ్ బ్రేకరు దిగినపుడు టక్కుమనే శబ్దం, టైరు ఒక అంచున మాత్రమే అరగడం ముఖ్య లక్షణాలు. ఆర్మ్‌కు, బ్రాకెట్టుకు మధ్య పొడవైన కడ్డీ పెట్టి మెల్లగా త్రిప్పితే చిరిగిన రబ్బరు కంటికి కనిపిస్తుంది.

ఇంటివద్ద మార్చు విధానం

బండిని చదునైన గట్టి నేలపై నిలిపి, జాకీతో ఎత్తి, ఛాసిస్ క్రింద ఇనుప స్టాండులు పెట్టాలి. జాకీ ఒక్కదానిని నమ్మి బండి క్రిందికి పోరాదు. స్టాండులు లేవని ఇటుకలు పేర్చడం మన ఊళ్ళలో తరచు కనిపించే అలవాటు. ఇటుక పగిలే ముందు హెచ్చరిక ఇవ్వదు.

హెరాల్డ్ తరగతి కార్లలో ముందు స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ రెండింటినీ ఒకే భాగంగా తీయవచ్చు. పైన చుట్టూ ఉన్న మూడు నట్లను, క్రింది బోల్టును మాత్రమే విప్పాలి. నడిమి నట్టును ఎట్టి పరిస్థితులలోను విప్పరాదు. కుదించి ఉన్న స్ప్రింగును పట్టి ఉంచేది అదే. అది ఊడితే స్ప్రింగు ఎముకలు విరిచేంత బలంతో ఎగురుతుంది. క్రింది ఆర్మ్ బ్రాకెట్లకు, ఛాసిస్‌కు మధ్య పలుచని రేకులు ఉంటాయి. చక్రం వాలును నిర్ణయించేవి అవే. ఏ బ్రాకెట్టు దగ్గర ఎన్ని ఉన్నాయో ముందే కాగితంపై వ్రాసుకోవాలి. చాలామంది వ్రాసుకోరు, తరువాత చింతిస్తారు.

పాత బుష్‌ను తీయడానికి బెంచి వైస్ చాలు. బుష్ కంటె కొంచెం చిన్న సాకెట్టును ఒక వైపు, బుష్ పట్టేంత పెద్ద గొట్టపు ముక్కను రెండవ వైపు పెట్టి బిగిస్తే అది జరిగి బయటికి వస్తుంది. రానిచో రబ్బరును తొలిచివేసి, వెలుపలి గొట్టాన్ని హాక్సా బ్లేడుతో లోపలినుండి నిలువునా కోయాలి. కోత ఆర్మ్ వరకు పోరాదు. రబ్బరును మంటపెట్టి తీసే పద్ధతి కూడా ఉన్నది, కాని ఆ పొగ విషపూరితం, వేడికి ఆర్మ్ ఉక్కు కూడా దెబ్బతినవచ్చు. కంటిని గరుకు కాగితంతో శుభ్రం చేసి, క్రొత్త బుష్‌ను వెలుపలి గొట్టం అంచుపైన మాత్రమే ఒత్తిడి పడేటట్లు ఎక్కించాలి. వట్టి రబ్బరు బుష్‌లకు సబ్బునీరు రాయాలి, గ్రీజు రాయరాదు.

ఆర్మ్‌లను బిగించేటపుడు బోల్టులను ముందు వదులుగానే ఉంచాలి. స్ప్రింగు యథాస్థానంలో బిగించి, చక్రాలు తొడిగి, చక్రాల క్రింద దళసరి చెక్కలు వేసి బండిని వాటిపైకి దించాలి. ముందు, వెనుక భాగాలను నాలుగైదు సార్లు అదిమి వదిలి, బండి తన బరువుపై సర్దుకొన్న తరువాతనే బుష్ బోల్టులను పూర్తిగా బిగించాలి. చక్రం గాలిలో వ్రేలాడుతుండగా బిగిస్తే రబ్బరుకు ఆ వ్రేలాడే స్థితియే సహజ స్థితి అవుతుంది. బండి దించగానే అది మెలితిరిగిపోయి, నిలిపి ఉంచిన బండిలో కూడా రాత్రింబవళ్ళు ఆ మెలికలోనే ఉంటుంది. అటువంటి బుష్ కొద్ది నెలలలోనే చిరుగుతుంది. యజమాని మాత్రం నాసిరకపు సరుకు అమ్మారని దుకాణదారుని నిందిస్తాడు.

నైలాన్ పట్టు ఉన్న పాత నట్లను మరల వాడరాదు. పని పూర్తయిన పిదప వీల్ అలైన్‌మెంటు తప్పనిసరి. కృష్ణా జిల్లావారికి ఈ సదుపాయంతో పాటు, తుప్పుతో బిగుసుకొన్న బుష్‌ను ప్రెస్సుపై తీసిపెట్టే పనివారు కూడా విజయవాడ ఆటోనగర్‌లో దొరుకుతారు.

ఇతర పదార్థాలు

పాలియురేథేన్ బుష్‌లు రబ్బరు కంటె గట్టివి, ఆయిలుకు చెడవు. ఇవి గొట్టానికి అతుకుకొని ఉండక నిజంగానే తిరుగుతాయి కాబట్టి పైన చెప్పిన మెలిక సమస్య వీటికి లేదు. తోడు ఇచ్చిన సిలికాన్ గ్రీజు రాయకపోతే కిర్రుమంటాయి. మలుపులలో బండి పట్టు పెరుగుతుంది, అయితే అలల రోడ్డు ప్రతి అదురూ సీటుదాకా వస్తుంది. నైలాన్ కడ్డీని లేత్‌పై తరిగి చేసే బుష్ చవక. కాని దానికి సాగే గుణం లేనందున దెబ్బంతా ఛాసిస్ బ్రాకెట్టుపై పడుతుంది. తుప్పు పట్టిన పాత ఛాసిస్‌లో బ్రాకెట్టు వెల్డింగు వద్ద పగులు వచ్చినచో, క్రొత్త బుష్‌లకు అయ్యే ఖర్చు దానిముందు ఏపాటిదీ కాదు.